113 రేసులు... సున్నా గెలుపులు!

ఈ రెజ్యూమె ఒకసారి చూడండి.

పేరు: హరు ఉరారా. పుట్టిన తేదీ: 1996 ఫిబ్రవరి 27. సొంతూరు: జపాన్ ఉత్తరాన హొక్కయిడో దీవిలోని మిత్సుయిషి. అనుభవం: ఆరేళ్లకు కాస్త తక్కువ. పాల్గొన్న పోటీలు: 113. గెలిచినవి: ఒక్కటీ లేదు.

మనిషిదైతే ఇలాంటి రెజ్యూమెని కంపెనీ సాఫ్ట్‌వేరే మొదటి వడపోతలో పక్కన పడేస్తుంది. హెచ్ఆర్ కంటి దాకా కూడా రాదు. కానీ ఇది ఓ ఆడ గుర్రానిది. థరోబ్రెడ్ జాతి రేసు గుర్రం. పరుగులో గెలవడం కోసమే మనుషులు తరతరాలుగా ఏరి ఏరి పెంచిన జాతి అది. అలాంటి జాతిలో పుట్టి 113 సార్లు ఓడిపోయింది. అయినా మూతపడబోతున్న ఓ రేసుకోర్సుకి ఊపిరి పోసింది. దేశ ప్రధానమంత్రి చేత తన గురించి మాట్లాడించుకుంది. 29 ఏళ్లు బతికింది. 2025 సెప్టెంబరు 9న చనిపోతే ఆ గుర్రాన్ని ఎన్నడూ నేరుగా చూడని దేశాల కుర్రాళ్లు కూడా సంతాపాలు రాశారు.

'ఓటమే గెలుపునకు తొలి మెట్టు' అనే బాపతు కథ చెప్పబోతున్నానని అనుకుంటే ఆగండి. ఇందులో రెండో మెట్టు లేదు. ఉరారా చివరి దాకా గెలవలేదు. గెలవకుండానే ఇదంతా ఎలా జరిగిందన్నదే అసలు సంగతి.

పుట్టుకతోనే పోటీ పరీక్ష

ముందు ఈ గుర్రాల లోకం కొంచెం తెలియాలి. 17, 18 శతాబ్దాల్లో ఇంగ్లండ్‌కి తూర్పు దేశాల నుంచి మూడు మగ గుర్రాలు వచ్చాయి. బైయర్లీ టర్క్, డార్లీ అరేబియన్, గొడాల్ఫిన్ అరేబియన్. ఇవాళ మన మలక్‌పేటలో పరిగెత్తే గుర్రమైనా, టోక్యోలో పరిగెత్తేదైనా, తండ్రి, తాత, ముత్తాత అంటూ వెనక్కి వెళితే ఈ ముగ్గురిలో ఎవరో ఒకరి దగ్గర ఆగాల్సిందే. అంత పక్కాగా వంశావళి రాసి పెట్టుకుంటారు.

జపాన్‌లో ఏటా ఏడు వేలకు పైగా థరోబ్రెడ్ పిల్లలు పుడతాయి. రెండేళ్ల వయసుకే చాలావాటికి మొదటి రేసు. అక్కడ రేసింగ్ రెండు అంచెలు. పైన జాతీయ స్థాయిలో జపాన్ రేసింగ్ అసోసియేషన్. డబ్బు, పేరు, టీవీ అన్నీ అక్కడే. కింద స్థానిక ప్రభుత్వాలు నడిపే చిన్న రేసుకోర్సులు. పై అంచెలో ఉన్న గుర్రానికి మూడేళ్ల వయసు వచ్చిన ఏడాది సెప్టెంబరు మొదటి వారం దాకే దాదాపు గడువు. ఇంతవరకూ గెలవని గుర్రాల కోసం పెట్టే రేసులు అప్పటితో అయిపోతాయి. ఈలోగా ఒక్కటైనా నెగ్గకపోతే చాలావాటికి కింది అంచెకి దిగడమో, రేసులు మానేయడమో తప్పదు. మన ఫైనలియర్ ప్లేస్‌మెంట్ సీజన్ గుర్తొచ్చిందా? నాకైతే వచ్చింది.

కాకపోతే ఒక తేడా ఉంది. ప్లేస్‌మెంట్ రాకపోతే మనం ఇంటికెళ్తాం. రేసుల నుంచి తప్పించిన గుర్రాల్లో కొన్ని పిల్లల్ని కనడానికీ, కొన్ని స్వారీ నేర్పే క్లబ్బులకీ వెళ్తాయి. మిగిలినవాటిలో చాలావాటి దారి కబేళాకే. రేసు గుర్రం తిండి, వైద్యం, పనివాళ్ల ఖర్చు ప్రతి నెలా ఉంటుంది. సంపాదించని గుర్రాన్ని ఇరవై ఏళ్లు పోషించే యజమానులు ఏ దేశంలోనైనా తక్కువే. ఉరారా కథలో ప్రతి ఓటమి వెనకా ఈ మాట ఉందని గుర్తుపెట్టుకుని చదవండి.

ఇంటిపేరు బాగుంది, కొనేవాళ్లే లేరు

ఉరారా తండ్రి నిప్పో తెయో మామూలు గుర్రం కాదు. 1987లో జపాన్‌లో అతి పెద్ద రేసుల్లో ఒకటైన శరదృతువు తెన్నో షో నెగ్గింది. అంటే బ్యాక్‌గ్రౌండ్ గట్టిదే. కానీ పిల్ల చిన్నగా ఉంది, బెదురు గొడ్డు. కొనేవాళ్లు ముందుకు రాలేదు. దాంతో పెంచిన ఫారమ్ వాళ్లే యజమానులుగా ఉండి, పిల్లని దక్షిణాన షికొకు దీవిలోని కోచి రేసుకోర్సుకి పంపించారు. దేశంలో చిట్టచివరి మెట్టు అనదగ్గ రేసుకోర్సు అది. ఇంకెక్కడా చోటు దొరకని గుర్రాలు చేరే చోటు.

'హరు' అంటే వసంతం. 'ఉరారా' అంటే లేత ఎండ కాస్తున్నప్పటి హాయి. పేరు మాత్రం చక్కగా పెట్టారు.

1998 నవంబరు 17న మొదటి రేసు. బరిలో ఉన్నవి అయిదు గుర్రాలు. ఉరారా అయిదోది. అక్కడి నుంచి ఏడాదికి సుమారు 20 రేసులు. కొన్నిసార్లు రెండో స్థానం దాకా వచ్చింది కూడా. గెలుపు మాత్రం అందలేదు.

మరి ఇన్నిసార్లు ఎందుకు పరిగెత్తించారు? లెక్క చాలా సింపుల్. చిన్న రేసుకోర్సుల్లో గెలిచినవాళ్లకి ప్రైజ్‌మనీ తక్కువే అయినా, పాల్గొన్న ప్రతి గుర్రానికీ కొంత డబ్బిస్తారు. హాజరు భత్యం లాంటిది. గాయాలు కాకుండా నెలకి ఒకటి రెండు సార్లు బరిలో దిగితే, గుర్రం తన తిండి ఖర్చులో చాలా భాగం తనే తెచ్చుకుంటుంది. ఉరారా చేసింది అదే. కెరియర్ మొత్తంలో సంపాదించిన ప్రైజ్‌మనీ 11 లక్షల 29 వేల యెన్లు. ఇప్పటి మన డబ్బులో ఆరు లక్షల పైచిలుకు. దాదాపు ఆరేళ్లకి! ఓ సర్వీస్ కంపెనీలో ఫ్రెషర్‌కి రెండేళ్లలో వచ్చే జీతం అంత.

ట్రెయినర్ దాయ్ మునెయిషికి ఈ లెక్క తెలుసు. గుర్రాన్ని పంపించేస్తే ఏమవుతుందో కూడా తెలుసు. ఒక గుర్రం అదే పనిగా ఓడిపోతుంటే, ఆ స్టాల్ ఖాళీ చేసి ఇంకో గుర్రాన్ని తెచ్చుకోవడం ఆయన వృత్తిలో మామూలు. ఆయన అలా చెయ్యలేదు. ఉరారా బరువైన గాయాలు లేకుండా రేసు తర్వాత రేసుకి సిద్ధమయ్యేది. ఆయన దిగనిచ్చాడు. ఇందులో గొప్ప వ్యూహమేమీ లేదు. 'ఇంకొన్నాళ్లు చూద్దాం' అని ఒక మనిషి పదే పదే అనడం, అంతే. కానీ ఈ కథలో ప్రాణం నిలబెట్టిన నిర్ణయం మాత్రం అదొక్కటే.

మైకు ముందు కూర్చున్నాయన

2003 నాటికి కోచి రేసుకోర్సే పెద్ద పేషెంట్ అయిపోయింది. జపాన్ ఆర్థిక వ్యవస్థ 1990ల మొదట్లో కుప్పకూలాక స్థానిక రేసుకోర్సులకి జనం రావడం తగ్గిపోయింది. క్యూషూలోని నకత్సు రేసుకోర్సు 2001లో, షిమానేలోని మసుదా 2002లో మూతపడ్డాయి. కోచి నెత్తిన 880 కోట్ల యెన్ల అప్పు. ప్రభుత్వం ఆ భారం దించింది కానీ ఒక షరతు పెట్టింది. ఇకమీదట నష్టం వస్తే తాళం వేసేయడమే. రేసుకోర్సు పోతే పోయేది భవనం కాదు. జాకీలు, ట్రెయినర్లు, గుర్రాలకి సేవ చేసేవాళ్లు, టికెట్ కౌంటర్‌లో కూర్చునేవాళ్లు, వాళ్ల కుటుంబాలు రోడ్డున పడతాయి. వందల గుర్రాల సంగతి పైన చెప్పిందే.

అదే సమయంలో అక్కడ రేసు వ్యాఖ్యానం చెప్పే ఒకాయన కాగితాలు తిరగేస్తూ ఒక విషయం గమనించాడు. ఈ గుర్రం ఎనభైకి పైగా రేసులు ఆడింది, గెలుపుల కాలమ్‌లో ఇంకా సున్నానే ఉందే! ఈ సంగతి లోకల్ పేపర్ విలేకరికి చెప్పాడు. పేపర్లో చిన్న కథనం వచ్చింది. అది జాతీయ పత్రికలు పట్టుకున్నాయి. తర్వాత టీవీలు.

ఇక్కడ కాస్త ఆగుతాను. ఇలాంటి కథలు చదివినప్పుడు మనం వెంటనే గుర్రం స్థానంలో మనల్ని ఊహించుకుంటాం. 'నేనూ ఇన్ని ఇంటర్వ్యూలు పోగొట్టుకున్నాను, నాకూ ఒక రోజు వస్తుంది' అని. కానీ ఈ కథలో జీతం తీసుకునే మనుషులెవరో చూడండి. ట్రెయినర్, వ్యాఖ్యాత, విలేకరి, రేసుకోర్సు సిబ్బంది. రేపు మీకు దొరికే ఉద్యోగాలు వీళ్లలాంటివి. ఆ సున్నాని ఆఫీసులో అందరూ చూసే ఉంటారు. రికార్డుల్లో ఏళ్ల తరబడి ఉన్న డేటానే. దాన్ని చూసి, ఇది జనానికి చెప్పాల్సిన సంగతి అని అనిపించింది మాత్రం ఆయనకే. డేటా ఎనలిటిక్స్ కోర్సుల్లో డాష్‌బోర్డులు గీయడం నేర్పిస్తారు. ఏ అంకె దగ్గర ఆగాలో నేర్పడం కష్టం. ఇంటర్వ్యూలో 'మీరు గమనించిన ఒక విషయం చెప్పండి' అని అడిగితే చాలామంది తెల్లమొహం వేసేది అందుకే.

తగలని టికెట్

జపాన్ అప్పటికి పదేళ్లుగా మాంద్యంలో ఉంది. ఉద్యోగాలు పోయినవాళ్లు, డిగ్రీ పూర్తయినా ఉద్యోగమే రానివాళ్లు కోకొల్లలు. వాళ్లకి ఈ గుర్రం నచ్చేసింది. 'ఓడినవాళ్లందరికీ తార' అని పేరు పెట్టుకున్నారు. గులాబీ రంగు హలో కిట్టీ మాస్కు వేసుకుని బరిలోకి వచ్చే ఉరారా ఫొటోలు దేశమంతా తిరిగాయి. టీ షర్టులు, కీ చెయిన్లు వచ్చాయి.

ఇంకో తమాషా ఉంది. ఉరారా మీద కొన్న టికెట్‌కి డబ్బు రాదని అందరికీ తెలుసు. అయినా కొనేవాళ్లు, దాచుకునేవాళ్లు. ఎందుకంటే జపనీస్‌లో 'అతరనాయ్' అంటే టికెట్ తగలదు అని అర్థం, బండి వచ్చి తగలదు అని కూడా అర్థం. అలా ఓడిపోయిన టికెట్ రోడ్డు ప్రమాదాల నుంచి కాపాడే తాయెత్తు అయిపోయింది! మన తెలుగులోనూ లాటరీ తగులుతుంది, లారీ కూడా తగులుతుంది కదా. ఈ జోకుని అనువాదం చేయాల్సిన పని లేకుండా పోయింది. (రేసు టికెట్లు కొనమని చెప్తున్నానని మాత్రం అనుకోకండి. అక్కడ క్రమం తప్పకుండా గెలిచేది రేసుకోర్సు ఒక్కటే. కోచి అయితే అది కూడా గెలవలేదు.)

2003 డిసెంబరు 14న నూరో రేసు, నూరో ఓటమి. మామూలుగా వెలవెలబోయే స్టాండ్స్‌లో ఆ రోజు వేల మంది. ప్రధాని జునిచిరో కొయిజుమి కూడా ఈ గుర్రం ఒక్కసారైనా గెలిస్తే చూడాలని ఉందని అన్నారు.

ఆ తర్వాత వచ్చింది 2004 మార్చి 22. ఉరారాకి 106వ రేసు. జాకీగా వచ్చింది యుతాకా తకె. మన పద్ధతిలో చెప్పాలంటే గల్లీ క్రికెట్ టీమ్‌కి సచిన్ వచ్చి ఆడినట్టు. అంతకుముందు ఏడాదే ఆయన 204 రేసులు నెగ్గాడు. ఒక్క ఏడాదిలో 200 దాటిన జాకీ జపాన్ రేసింగ్ అసోసియేషన్ రేసుల్లో అంతవరకూ లేడు. ఓడే గుర్రం చుట్టూ ఈ హడావుడి ఏమిటో తనకి అంతగా మింగుడుపడలేదని ఆయన దాచుకోలేదు. అయినా వచ్చాడు.

వాన. బురద. 13 వేల మంది జనం. ఉరారా గెలుస్తుందని కొన్న టికెట్లే 12 కోట్ల యెన్లు దాటాయి. ఒక్క రేసూ నెగ్గని గుర్రం ఆ రోజు టికెట్ల లెక్కలో ఫేవరెట్.

దేశంలో నంబర్‌వన్ జాకీ ఎక్కితే ఫలితం మారిందా? పదకొండు గుర్రాల్లో పదోది.

జనం తిట్టుకుంటూ వెళ్లిపోలేదు. తకె ఆ గుర్రాన్ని గెలిచినవాళ్లు తిప్పినట్టే స్టాండ్స్ ముందుకి తీసుకొచ్చాడు. చప్పట్లు మోగిపోయాయి.

ఆ ఆర్థిక సంవత్సరం కోచి లాభంతో బయటపడింది. తాళం పడలేదు.

వేడుకలో వదిలేసిన సంగతులు

ఇంతవరకూ చెప్పి ఆపేస్తే వాట్సాప్ ఫార్వర్డ్ అవుతుంది. నిజానికి ఇందులో ఇబ్బంది పెట్టే విషయాలున్నాయి.

మొదటిది, ఉరారా ఓటమిని ఎంచుకోలేదు, పట్టుదలనీ ఎంచుకోలేదు. బరిలో నిలబెట్టారు, పరిగెత్తింది. 'నిరంతర ప్రయత్నానికి ప్రతీక' అన్నది మనుషులు అంటించిన స్టిక్కర్. రెండోది, వంద సార్లు ఓడిన గుర్రాన్ని ప్రేమించిన దేశంలోనే, అయిదో పదో సార్లు ఓడిన వేల గుర్రాలు ఏ పేరూ లేకుండా మాయమైపోయాయి. ఉరారాకి కలిసొచ్చింది ఓటమి కాదు. ఓడిపోతున్నా ఖర్చు గిట్టే ఏర్పాటు ఒకటి ఉండటం, గాయపడని ఒళ్లు, వదలని ట్రెయినర్, సరైన సమయంలో ఒక మైకు. ఇవన్నీ ఒకచోట కలవడం అరుదు. అందుకే 'నూరు రిజెక్షన్లు వచ్చినా ఆగకు, ఉరారాని చూడు' అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. నూరు అప్లికేషన్లకి జవాబు రాకపోతే రెజ్యూమె మార్చాలి, లేదా వెతికే రోల్ మార్చాలి. గుర్రానికి ఆ అవకాశం లేదు, మనకుంది.

కోచి రేసుకోర్సు కూడా ఆ పాఠం కష్టపడే నేర్చుకుంది. 2004 ఆగస్టు 3న ఉరారా చివరిగా 113వ రేసు పరిగెత్తింది. తర్వాత జనం మళ్లీ పలచబడ్డారు. కొన్నేళ్లు గడ్డుకాలమే. ఒక స్టార్ గుర్రం ఇచ్చింది సమయం మాత్రమే, ఆదాయ మార్గం కాదు. అసలు మలుపు ఆ తర్వాత వచ్చింది. 2009లో రాత్రి రేసులు మొదలుపెట్టారు. మిగతా రేసుకోర్సులు చాలావరకు ముగిశాక, ఆఫీసుల నుంచి ఇళ్లకి చేరినవాళ్లు ఫోన్లోనే టికెట్ కొనే వేళకి కోచిలో లైట్లు వెలుగుతాయి. దాంతో పాటు నాకు భలే నచ్చిన ఇంకో ఐడియా ఉంది. రోజు చివరి రేసు. ఈమధ్య బాగా ఓడిపోతున్న గుర్రాలనే పత్రికల రేసింగ్ విలేకరులు ఏరి ఆ రేసులో దించుతారు. అన్నీ అంతంత మాత్రమే కాబట్టి ఏది గెలుస్తుందో ఎవరూ చెప్పలేరు. ఆ ఊహకందకపోవడమే ఆకర్షణ. రోజంతా డబ్బు పోగొట్టుకున్నవాళ్లకి చివరి ఆశ కూడా.

చూడండి, కోచి దగ్గర మంచి గుర్రాలు లేవు. కొనడానికి డబ్బు లేదు. ఉన్నవే బలహీనమైన గుర్రాలు. ఆ బలహీనతనే ప్రొడక్ట్ చేసి అమ్మారు. 2008 నాటితో పోలిస్తే టికెట్ల అమ్మకాలు ఇప్పుడు ఇరవై రెట్లకు పైగా. ఇంటర్నెట్ అమ్మకాలు, రాత్రి వేళలు, ఇలాంటి ఆలోచనలు అన్నీ కలిసి చేసిన పని అది. ఎంబీఏ వాళ్లు కేస్ స్టడీగా రాసుకోవచ్చు.

రెండో కెరియర్

రేసులు అయిపోయాక ఉరారా జీవితం సాఫీగా సాగలేదు. 2004 శరదృతువులో అప్పటి యజమాని కోచి నుంచి తీసుకెళ్లిపోయారు. మళ్లీ బరిలోకి వస్తుందని ఎదురు చూసినవాళ్లకి నిరాశే. కొన్నేళ్ల పాటు గుర్రం ఎక్కడుందో అభిమానులకి తెలియదు. చివరికి 2012లో టోక్యోకి దగ్గర్లో చిబాలోని ఓ ఫారమ్‌కి చేరింది. పోషణ డబ్బులు రావడం ఆగిపోతే, ఫారమ్ వాళ్లు, అభిమానులు కలిసి ఒక సంఘం పెట్టుకుని తిండి ఖర్చులు చూసుకున్నారు. దేశమంతా చప్పట్లు కొట్టిన గుర్రానికి కూడా చివరికి ఆసరా అయింది నెలనెలా చిన్న మొత్తాలు పంపిన కొందరే.

నాలాంటి టెక్ మనుషులకి ఉరారా పరిచయమైంది మాత్రం ఓ మొబైల్ గేమ్ వల్ల. 2021లో జపాన్‌లో వచ్చిన 'ఉమా ముసుమే'లో నిజమైన రేసు గుర్రాలు అమ్మాయిల పాత్రలుగా ఉంటాయి. మనం ట్రెయినర్. ఉరారా అక్కడ ఎప్పుడూ నవ్వుతూ ఉండే పిల్ల. 2025 జూన్‌లో ఇంగ్లిష్ వెర్షన్ రాగానే కొత్త అభిమానులు అసలు గుర్రం ఇంకా బతికే ఉందని కనుక్కున్నారు. గుర్రాలకి ఆన్‌లైన్‌లో పచ్చగడ్డి కొని పంపించే సైట్ ఒకటుంది. అభిమానుల తాకిడికి ఆ సైట్ మొరాయించింది. ఎప్పుడూ చూడని ముసలి గుర్రానికి టన్నులకొద్దీ గడ్డి బుక్ చేశారు. రెండు నెలలు తిరిగాయో లేదో, సెప్టెంబరులో కడుపునొప్పితో ఉరారా చనిపోయింది. 29 ఏళ్లంటే గుర్రాల లెక్కలో పండు ముసలితనం.

ఆ గేమ్‌లో ఉరారా కథ చివర్లో అరిమా కినెన్ అనే రేసు వస్తుంది. జపాన్‌లో ఏడాది చివర జరిగే అతి పెద్ద రేసుల్లో ఒకటి. దూరం ఎక్కువ, పచ్చిక మీద పరుగు. ఉరారాది మట్టి ట్రాక్ మీద తక్కువ దూరం పరిగెత్తే తీరు. అందుకే ప్రపంచమంతటా ఆటగాళ్లు ఆ పిల్లతో ఆ రేసు నెగ్గించాలని రాత్రులు మేలుకుని ప్రయత్నిస్తుంటారు. గేమ్ తయారుచేసినవాళ్లు మాత్రం గెలవాలన్న షరతు పెట్టలేదు. ఉరారా ఆ రేసులో పాల్గొంటే చాలు, లక్ష్యం పూర్తయినట్టే.